ఉప్పెన రాకముందే గడప దాటాలి

అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి గండం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రానికి దగ్గరగా బతుకుతున్న ప్రతి కుటుంబానికీ ఈ హెచ్చరిక. బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం రెండు మూడు రోజుల్లోనే తుఫానుగా మారిపోవచ్చు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను అంటారు, 118కి చేరితే అతి తీవ్ర తుఫాను. టీవీలో తుఫాను పేరు మారుమోగే వేళకి బజారులో కొవ్వొత్తులుండవు, తాళ్లుండవు, పెట్రోలు బంకు ముందు బారులు తీరి ఉంటారు. ఆకాశం తేటగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి.

అందరికీ గాలంటే భయం. కానీ ఎక్కువ ప్రాణాలు తీసేది నీరు. 1977 నవంబరు 19న దివిసీమను మింగింది ఉప్పెనే. అయిదు మీటర్లంత ఎత్తున లేచిన సముద్రం నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల మీద పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖపట్నం మీదికే వచ్చింది. నగరంలో చెట్టన్నది మిగల్లేదనిపించింది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అయినా రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. హెచ్చరిక ముందే అందడం, లోతట్టు ఊళ్ల జనాన్ని ముందే తరలించడం వల్లే అది సాధ్యమైంది.

అయితే ప్రతి తుఫానుకీ కదలనివాళ్లు కొందరుంటారు. మైకులో చెప్పినా, అధికారులు గుమ్మంలోకి వచ్చి బతిమాలినా రారు. వాళ్లను మొండివాళ్లని తిట్టి లాభం లేదు. గేదెను ఎవరు చూస్తారు? పక్షవాతం వచ్చిన ముసలాయనను ఎలా మోసుకెళ్లాలి? వయసొచ్చిన ఆడపిల్లతో అంతమంది మధ్య ఎలా పడుకోవాలి? తాళం వేసి వెళ్తే సామాను ఉంటుందా? ఇవన్నీ నిజమైన బాధలే. అర్ధరాత్రి గాలి హోరులో వీటికి జవాబు దొరకదు. ఇంటిని తుఫానుకు సిద్ధం చేయడమంటే ముందుగా ఈ ప్రశ్నలన్నింటికీ జవాబు వెతికి పెట్టుకోవడమే.

ముసలివాళ్లనూ మంచాన పడినవాళ్లనూ తొలి హెచ్చరికకే దూరపు బంధువుల ఇంటికి పంపేయండి. నెలలు నిండిన గర్భిణి ఉంటే నొప్పులు వచ్చేదాకా చూడకండి, రోడ్డు బాగున్నప్పుడే ఆస్పత్రి ఉన్న ఊరికి చేర్చండి. పశువులను మెరకకు తోలండి. అదీ కుదరకపోతే కనీసం పలుపు తాళ్లు విప్పేయండి, కట్టుగొయ్యకు కట్టేసిన గొడ్డుకు ఈదే అవకాశం కూడా ఉండదు. మీ ఊరి తుఫాను షెల్టరుకు ఈ వారమే ఒకసారి వెళ్లి చూడండి. మరుగుదొడ్డికి తలుపుందా, ఆడవాళ్లకు వేరే గది ఉందా, నీళ్లొస్తున్నాయా? లేకపోతే ఇప్పుడే సచివాలయంలో అడగండి, గట్టిగా అడగండి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి ఉంచండి. బీపీ, షుగరు మందులు పది రోజులకు సరిపడా అందులోనే ఉండాలి.

ఇక ఇల్లు. రేకుల కప్పు ఉన్నవాళ్లు నిచ్చెన వేసుకుని పైకెక్కి హుక్కులను చేత్తో పట్టుకుని చూడండి. ఉప్పుగాలికి తుప్పుపట్టి, వేలితో కదిపితే ఊగే హుక్కు ఒక్కటున్నా గాలి అక్కడే దూరుతుంది. ఒక రేకు లేచిందంటే మిగతావి పేకముక్కల్లా లేచిపోతాయి, ఎగిరిన రేకు ఎదురొచ్చిన మనిషిని కోసేస్తుంది. ఇంటి మీదికి వాలిన కొమ్మలూ ఎండు కొబ్బరి మట్టలూ కొట్టించండి. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకును నిండా నింపితే బరువుకు కదలదు, తర్వాత నీళ్లకూ పనికొస్తుంది. పూరిళ్లలోనూ పాత మట్టిగోడల ఇళ్లలోనూ ఉన్నవాళ్లు మాత్రం ఎన్ని తాళ్లు కట్టినా ఆ రాత్రి అక్కడ ఉండొద్దు.

మరొక్క ప్రమాదం చాలామందికి తెలియదు. తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మీ ఊరి మీదుగా వెళ్తే, అంతసేపూ రంకెలేసిన గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. వాన తెరిపిస్తుంది, ఒక్కోసారి ఆకాశం కూడా కనిపిస్తుంది. అయిపోయిందనుకుని జనం రేకులు ఏరుకోవడానికో పడవ చూసుకోవడానికో బయటికొస్తారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో విరుచుకుపడుతుంది. మొదటి గాలికి వదులైన గోడలు, చెట్లు కూలేది అప్పుడే. తీరం దాటి బలహీనపడిందని వాతావరణ శాఖ ప్రకటించేదాకా తలుపు తీయకండి. మత్స్యకారులు వేట నిషేధం ఎత్తేసేదాకా పడవ తీయవద్దు. ఒక్క రోజు వేట పోతే అప్పు చేసైనా పూడ్చుకోవచ్చు.

గాలి తగ్గాక కూడా తెగిపడిన కరెంటు తీగ దగ్గరికి పోవద్దు, అది నీళ్లలో ఉంటే ఆ నీళ్లలోనే కాలు పెట్టవద్దు. మునిగిన ఇంట్లో మెరకగా ఉన్న అటకల మీదా, బట్టల మూటల్లోనూ పాములు చేరి ఉంటాయి, కర్రతో తట్టి చూశాకే చేయి పెట్టండి. బావినీళ్లు మరగకాచి తాగండి. 112, 1070 అత్యవసర నంబర్లను ఫోనులోనే కాదు, గోడ మీద కూడా రాసిపెట్టండి, చదువురాని అవ్వకు కూడా వాటిని నోటికి నేర్పండి.