మాలమ్ గ్రామపు సున్నపురాళ్లు

ఇరువదియేండ్లుగా నేను తరగతిలో భూగోళశాస్త్రమును బోధించుచున్నాను. సున్నపురాయి వర్షపు నీటియందు కరగుననియు, అట్లు కరగుటచే గుహలును, బిలములును, భూగర్భ ప్రవాహములును ఏర్పడుననియు ప్రతి సంవత్సరమును నల్లబల్లపై వ్రాయుచు, పిల్లలచే వ్రాయించుచు వచ్చితిని. ఆ మాటను పరీక్షలో తప్పు లేకుండ వ్రాసినవారికి పూర్తి మార్కులు వేసితిని. కాని రాయి కరగుట యెట్టిదో నేను కన్నులార చూచి యెఱుగను. గత వేసవి సెలవులలో ఇంగ్లండునందు లీడ్స్ నగరమున కాపురమున్న మా తమ్ముని యింటికి పోయినపుడు, అచ్చటికి దగ్గఱనున్న మాలమ్ అను పల్లెలో రెండు దినములు గడపుట తటస్థించెను. ఆ పేరును వ్రాయునపుడు నడుమ హకారము నుంచుదురు గాని, పలుకునపుడు ఆ ఊరివారు దానిని విడిచిపెట్టుదురు.

నా అభిప్రాయమును ముందుగనే చెప్పివేసెదను. ప్రకృతి వింతలను చూడబోవువారు వానిని నీరు నడచిన వరుసలో, కాలినడకను చూడవలెను. రెండవది, అచ్చటినుండి ఒక్క రాతిముక్కనైనను వెంట తెచ్చుకొనరాదు. ఈ రెండవ మాటను చెప్పుటకు నాకు అర్హత కొంచెము తక్కువ. కారణమును ముందు మనవి చేసెదను.

మాలమ్ చిన్న పల్లె. యార్కుషైరు డేల్స్ అను కొండలోయల సీమలో, స్కిప్టను పట్టణమునకు వాయవ్యమున నున్నది. ఊరినిండ బూడిదవన్నె రాతియిండ్లు, ఊరిచుట్టును సున్నము గాని మట్టి గాని లేకుండ రాతిపై రాయి పేర్చి కట్టిన గోడలు, ఆ గోడల నడుమ గొఱ్ఱెలు. అచ్చటికి వచ్చువారిలో పెక్కుమంది కోవ్ అను గొప్ప కొండగోడ యొద్దకు తిన్నగా పోయి, ఛాయాచిత్రము తీసికొని, టీ త్రాగి మరలిపోవుచుందురు. మేమును అట్లే చేసియుందుము. కాని పదేండ్ల ప్రాయముగల మా తమ్ముని కుమారుడు పటమును విప్పి, "పెదనాన్నా, నీళ్లు పైనుండి గదా వచ్చునవి! మనము క్రిందినుండి ఏల పోవలెను?" అని అడిగెను. ఉపాధ్యాయుడనైన నాకు ఆ ప్రశ్న తోచకపోయెను. తమ్ముడు మమ్ములను కారులో కొండపైనున్న చెఱువు గట్టున దింపిపోయెను.

ఆ చెఱువు పేరు మాలమ్ టార్న్. టార్న్ అనగా కొండ చెఱువు. పూర్వము సముద్రము దాటి వచ్చి యచ్చట కాపురములు పెట్టిన ఉత్తరదేశీయుల భాషనుండి వచ్చిన మాట యది. సముద్రమట్టమునకు 377 మీటర్ల యెత్తున నున్నది. సున్నపురాతి నేలపై నీరు నిలువదని నేను చెప్పిన పాఠమునకు ఇది విరుద్ధముగా కనబడినది. కారణమేమన, చెఱువు అడుగున నున్నది సున్నపురాయి కాదు. నీటిని పీల్చని పలకరాయి వంటి పురాతన శిల. ఆ శిల యున్నంత మేర నీరు పైన నిలిచియున్నది. చెఱువునుండి వెలువడిన చిన్న యేరు దక్షిణముగా కొంత దూరము ప్రవహించి, సున్నపురాతి హద్దును దాటిన వెంటనే గులకరాళ్ల నడుమ ఇంకిపోవుచున్నది. పెద్ద బిలము లేదు, సుడి లేదు, చప్పుడు లేదు. నీరు సన్నగిలి, చెమ్మయై, చివరకు పొడినేలయైనది. నేను అచ్చట పదినిమిషములకు పైగా నిలిచి చూచితిని. ఇరువదియేండ్లు నేను నల్లబల్లపై వ్రాసినది ఆ రెండు బారల నేలయందు జరుగుచున్నది.

అచ్చటినుండి నీరు లేని లోయ యొకటి క్రిందికి దిగును. హిమయుగము చివర నేల లోపలి నీరు గడ్డకట్టి యున్నందున, కరగిన మంచునీరు ఇంకలేక పైననే ప్రవహించి ఆ లోయను కోసినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ ప్రవాహము ఒకప్పుడు కోవ్ అంచునుండి జలపాతముగా దుమికెడిది. ఇప్పుడు లోయలో గొఱ్ఱెలు మేయుచున్నవి. అయినను 2015 డిసెంబరు 6వ తేదీన, డెస్మండ్ అను తుఫాను కురిపించిన వానకు భూగర్భమార్గములు చాలక, నీరు మరల ఆ అంచునుండి దుమికినది. నేడు జీవించియున్న వారిలో ఎవరును అంతకుముందు అట్టిదానిని చూచి యెఱుగరట.

లోయ దిగినపిమ్మట కోవ్ నెత్తిమీది రాతిచప్టా. దీనిని వర్ణించుట కష్టము. ఎవరో పెద్ద పెద్ద నాపరాళ్లను పఱచి, వాని నడుమ సందులు పూడ్చక విడిచినట్లుండును. రాతిబండలను క్లింటులనియు, వాని నడిమి చీలికలను గ్రైకులనియు అందురు. మంచుగడ్డలు పైమట్టిని గీకివేయగా బయటపడిన రాతిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు వేలయేండ్లుగా కొఱుకుచు పగుళ్లను వెడల్పు చేసినది. కొన్ని చీలికలలో నా మోకాలు వఱకు, కొన్నిట నడుము వఱకు దిగవచ్చును. గాలి కొట్టని ఆ నీడలో ఫెర్నులును, మెత్తని ఆకుల అడవిమొక్కలును పెరుగుచున్నవి. పైన గడ్డియైన సరిగా మొలవని బోడిరాయి. జానెడు క్రింద అడవి. ఆ రాయి యెల్లయు సుమారు 33 కోట్ల సంవత్సరముల క్రిందట, భూమధ్యరేఖకు సమీపముననున్న వెచ్చని సముద్రము అడుగున గుల్లలును, చిన్న ప్రాణుల పెంకులును పేరుకొని గట్టిపడినది.

ఇచ్చటనే నా తప్పు జరిగినది. బండనుండి ఊడి గ్రైకులో పడియున్న పిడికెడు ముక్క యొకటి కనబడినది. నీటిచే గాడి పడి, వేలితో తడిమిన నున్నగా నుండెను. మన పాఠశాల బీరువాలో నుంచిన పిల్లలకు ఎంత ఉపయోగమని తలచి దానిని సంచిలో వేసికొంటిని. పిల్లవాడు చూచి ఏమియు ననలేదు. కొంతసేపటికి, "పెదనాన్నా, ఇచ్చటికి వచ్చిన వారందఱును బడి పంతులవారే యైన యెడల?" అని మాత్రము అడిగెను. నేను వెనుకకు పోయి దానిని ఆ చీలికలోనే పెట్టి వచ్చితిని. సంతోషముతో పెట్టితినని చెప్పినచో అబద్ధమగును.

పిల్లవాని ప్రశ్న ఉత్త మాట కాదు. ఇంగ్లండులో ఇండ్ల తోటలలో రాతిగుట్టలను అలంకరించుటకు నీరు కొఱికిన సున్నపురాయి మిక్కిలి అందముగా నుండునని చాలకాలము కొనుచుండిరి. వ్యాపారులు యంత్రములతో చప్టాలను పెకలించి అమ్మిరి. 1970ల ప్రాంతమున బ్రిటనులోని ఇట్టి చప్టాలను పరిశీలించినపుడు ఏమాత్రమును చెడనివి నూటికి సుమారు మూడు మాత్రమే యని తేలినది. పిమ్మట 1981 నాటి చట్టమున వీని రక్షణకు ప్రత్యేకముగా నొక సెక్షను చేర్చి, చప్టాలనుండి రాయి తీయుటను నిషేధించు ఆజ్ఞలు వేయుటకు అధికారమిచ్చిరి. ఈ సీమ 1954లోనే నేషనల్ పార్కు అయినది. ఆ పేరు విని అడవియనుకొనరాదు. దానిలో ఊళ్లు, పొలములు, గొఱ్ఱెలకాపరులు అందఱును ఉన్నారు.

ఆ ఊరివారే తమ గోడలకును, సున్నపుబట్టీలకును అదే రాతిని తీయలేదా, తోటవానిని మాత్రము ఏల తప్పుపట్టవలెనని ఎవరైన అడుగవచ్చును. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. కాపరి తన మందకొఱకు తీసినది. ఆ రాయి నేటికిని ఆ లోయలోనే గోడయై నిలిచియున్నది. తోటవాడు వేఱొక సీమలో పూలమడి ప్రక్క అందముకొఱకు తెప్పించుకొనినది. నా దృష్టిలో అవసరమునకును అలంకారమునకును గల భేదము చాల పెద్దది. నేను తీసిన ముక్క ఈ రెంటిలో దేనిక్రిందికి వచ్చునో పాఠకులే నిర్ణయించుకొందురు గాక.

కోవ్ ప్రక్కన సుమారు 400 రాతిమెట్లు కట్టియున్నారు. ప్రకృతిలో మెట్లేల యని గొణుగువారిని వింటిని. నాకు మాత్రము అవి మంచి పనిగనే తోచినవి. మెట్లు లేనిచో వేలమంది కాళ్లు వేయి దారులు చేయును. ఒక ప్రసిద్ధ ఇంద్రజాల బాలుని చలనచిత్రములో ఈ చప్టా కనబడినప్పటినుండి (ఆ చిత్రము 2010లో వెలువడినది) దానికొఱకే వచ్చువారును కలరు. నడచి నడచి రాయి నున్నబడి, వానపడినపుడు కాలు జారుచున్నది. మా తమ్ముని కుమారుడును ఆ చిత్రముకొఱకే మొదట రాదలచెనట! కారణమేదైన నేమి, వచ్చినాడు.

మెట్లు దిగి వెనుదిరిగి చూచినచో కోవ్ అనగా నేమో తెలియును. సుమారు 80 మీటర్ల యెత్తు, 300 మీటర్ల వెడల్పుగల తెల్లని గోడ, విల్లువలె వంగియున్నది. దానిపై పెరిగ్రీన్ అను జాతి డేగలు గూళ్లు పెట్టును. అందందు నల్లని చారలు కలవు. చార్లెస్ కింగ్స్లీ అను రచయిత ఈ సీమకు వచ్చి, పొగగొట్టములు తుడుచు బాలుడొకడు జారిపడినందున ఆ చారలు కలిగినవని హాస్యముగా చెప్పెనందురు. 1863లో వెలువడిన అతని వాటర్ బేబీస్ అను కథకు నాయకుడు అట్టి బాలుడే.

గోడ అడుగునుండి స్వచ్ఛమైన యేరు వెలువడుచున్నది. పైన ఇంకిన చెఱువునీరే ఇదియని చూచినవారెల్లరు అనుకొందురు. నేనును అనుకొని, పిల్లవానికి బోధించితిని కూడను. పూర్వులును అట్లే నమ్మిరి. కాని రంగులు మొదలగునవి కలిపి పరీక్షింపగా తెలిసినది వేఱు. చెఱువునీరు ఊరు దాటి దక్షిణమున ఎయిర్ హెడ్ అనుచోట ఊటలుగా పైకి వచ్చుచున్నది. కోవ్ క్రింది యేరు పడమటనున్న పాత సీసపు కొలిమియొద్ద ఇంకిన నీరు. రెండు ప్రవాహములు చీకటిలో ఒకదాని దారి నొకటి దాటిపోవుచున్నవి! ఆ సాయంకాలము పిల్లవానియొద్ద నా పాఠమును దిద్దుకొనవలసి వచ్చినది. ఈ నీరంతయు కలసి ఎయిర్ నదియై లీడ్స్ నడుమనుండి, వాని బడికి పోవు వంతెన క్రిందుగ పారుచున్నది.

మఱునాడు జానెట్ ఫాస్ అను చిన్న జలపాతమును, గార్డేల్ అను ఇరుకు లోయను చూచితిమి. జలపాతమునొద్ద నీరు తాను పైన కరగించిన సున్నమును మరల నాచుమీద పూతగా పెట్టుచున్నది. ఒకచోట కొఱికినది మఱియొకచోట కట్టుచున్నదన్నమాట. గార్డేల్ గోడలు రెండు ప్రక్కలను తలపైకి వంగి నిలిచియున్నవి. జేమ్స్ వార్డు అను చిత్రకారుడు 1812 మొదలు 1814 వఱకు దీనిని నాలుగు మీటర్లకు మించిన వెడల్పుగల పటముగా వ్రాసెను. అది లండనులో టేట్ చిత్రశాలయం దున్నది. అంత పెద్ద పటమేలయని అనుకొనెడివాడను. ఆ లోయలో నిలిచినపిమ్మట అనుకొనుట మానితిని.

మాలమ్ టార్న్ గట్టున నున్న పెద్ద భవనమునందు 1940ల చివరనుండి డెబ్బదియేండ్లకు పైగా విద్యార్థులు దిగి, ఈ రాళ్లను, మొక్కలను, నీటిని అభ్యసించి పోయిరి. మన పిల్లలను అట్లు తీసికొనిపోవుటకు ఇంగ్లండు అక్కఱలేదు. నంద్యాల జిల్లాలోని బేలం గుహలు, 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ లోకమునకు తెలిపినవి, 3,229 మీటర్ల పొడవున సున్నపురాతిలో నీరు చేసిన పనియే. బస్సుకు సెలవగునని పెద్దలు అందురు. ప్రతి సంవత్సరము వార్షికోత్సవపు తోరణములకు మనము వ్యయపఱచుదానిని చూచినవాడనగుటచే ఆ మాటను నేనంతగా లెక్కచేయను.

బీరువాలో నేనుంచదలచిన చోట ఇప్పుడు బేతంచెర్ల నాపరాతి ముక్క యొకటి యున్నది. తాపీవారు మన వరండా పఱచునపుడు విఱిగి పాఱవేసినది. జూలై మాసమున ఎనిమిదవ తరగతివారియెదుట దానిపై పలుచని హైడ్రోక్లోరికామ్లము రెండు చుక్కలు వేసితిని. రాయి బుసబుస పొంగినది. వెనుక బల్లనున్న బాలిక యొకతె లేచి, "అయ్యా, మన వరండాయు కరగుచున్నదా?" అని అడిగినది. తరగతి యంతయు నవ్వినది. నేను వారిని వరండాలోనికి తీసికొనిపోయి, చూరునీళ్లు పడుచోట వంగి రాతిని వ్రేళ్లతో తడిమి చూడుడంటిని.