వీసాతోనే పని పూర్తవదు

విదేశంలో పరిశోధన చేయబోయేవారికి రెండు అనుమతులు కావాలి. ఆ దేశంలో అడుగుపెట్టడానికి వీసా, అక్కడ ఉండి పనిచేసుకోవడానికి నివాస అనుమతి. కొన్ని దేశాలు రెండింటినీ కలిపి ఇస్తాయి, కొన్ని విడివిడిగా ఇస్తాయి. మనవాళ్ల ఆరాటమంతా వీసా కోసమే. చిక్కులు మాత్రం వీసాకు ముందు కాగితాల్లోనూ, విమానం దిగాక నివాసం దగ్గరా వస్తాయి.

కాగితాల పని సొంతూళ్లోనే మొదలవుతుంది. ఉదాహరణకు విజయపురి సౌత్‌లో నాగార్జునసాగర్ ప్రాజెక్టు క్వార్టర్లలో పుట్టినవారికి పుట్టిన ఊరు ఒక కాగితంలో నాగార్జునసాగర్ అనీ, మరోదాంట్లో విజయపురి సౌత్ అనీ ఉండే అవకాశం ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి ఆ ఊరు వచ్చింది కాబట్టి పాత సర్టిఫికెట్లలో గుంటూరు జిల్లా, కొత్తవాటిలో పల్నాడు జిల్లా ఉంటాయి. జిల్లా మారిందంటే అధికారులు అర్థం చేసుకుంటారు. పేరు దగ్గర అంత సులువు కాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే రెండూ ఒకరివేనని నిరూపించుకోవాలి. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడితే, అమెరికా వీసాలో అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. పేరు తెలియదని దాని అర్థం. ఇలాంటివి పాస్‌పోర్టు దశలోనే సరిచేయించుకోవాలి.

డిగ్రీ పట్టాలు, జనన, వివాహ ధ్రువపత్రాలపై విదేశాంగ శాఖ అపోస్టిల్ అనే ధ్రువీకరణ ముద్ర వేస్తుంది. భారత్ 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. ఆ చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది కాబట్టి అక్కడ మన అపోస్టిల్ చెల్లదు. అందుకే ఏ పత్రానికి ఏ ధ్రువీకరణ కావాలో వెళ్లే దేశపు రాయబార కార్యాలయాన్ని ముందే అడగడం మంచిది.

తర్వాతి మెట్టు ఆహ్వానించే సంస్థది. యూరోపియన్ యూనియన్ 2016/801 ఆదేశం ప్రకారం పరిశోధకుడికి, సంస్థకు మధ్య ఒప్పందం ఉండాలి. డెన్మార్క్, ఐర్లండ్ ఈ ఆదేశం పరిధిలో లేవు. జపాన్‌లో సంస్థే అర్హతా పత్రం కోసం ముందుగా దరఖాస్తు చేస్తుంది. అమెరికాకు జె-1 ఎక్స్ఛేంజ్ వీసాపై వెళ్లేవారికి స్పాన్సర్ సంస్థ ఇచ్చే డీఎస్-2019 పత్రం కావాలి.

దిగిన వెంటనే గడువులు మొదలవుతాయి. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి. అద్దె ఒప్పందం ఒక్కటే చాలదు, అద్దెకు వచ్చినట్టు ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం ఉండాలి. పన్ను గుర్తింపు సంఖ్య ఆ చిరునామాకే పోస్టులో వస్తుంది. తపాలా పెట్టె మీద తన పేరు రాసుకోనివారి ఉత్తరం వెనక్కి పోతుంది. ఆ సంఖ్య చేరేదాకా జీతంలో పన్ను ఎక్కువ కోత పడవచ్చు. జపాన్‌లో పెద్ద విమానాశ్రయాల్లోనే నివాస కార్డు చేతికిస్తారు. ఇల్లు కుదిరాక 14 రోజుల్లో స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. ఫ్రాన్స్‌లో నివాస అనుమతిగా కూడా చెల్లే దీర్ఘకాలిక వీసాను మూడు నెలల్లోగా ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవాలి. అమెరికాలో ఇల్లు మారితే పది రోజుల్లో తెలియజేయాలి.

తిరిగి వచ్చే షరతులు కూడా వెళ్లేముందే చదువుకోవాలి. జె-1 వీసాదారుల్లో కొందరు రెండేళ్లు స్వదేశంలో ఉంటేనే, లేదా మినహాయింపు పొందితేనే, హెచ్-1బీ ఉద్యోగ వీసాకు గానీ గ్రీన్‌కార్డుకు గానీ అర్హులవుతారు. ఈ షరతుకు ఒక ఆధారమైన ప్రత్యేక నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబరులో అమెరికా భారత్‌ను తీసేయడంతో చాలామందికి ఈ బెడద తప్పింది. ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి మాత్రం తప్పలేదు. యూరోపియన్ యూనియన్ ఆదేశంలో పరిశోధన ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి కనీసం తొమ్మిది నెలల వ్యవధి ఉంది. భార్య లేదా భర్త ఉద్యోగం చేయవచ్చా లేదా అన్నది ఏ వీసా తీసుకున్నారనే దాన్ని బట్టి తేలుతుంది. అమెరికాలో జె-1 వారి వెంట జె-2పై వెళ్లినవారు పని అనుమతి కోరవచ్చు, హెచ్-1బీ వారి వెంట హెచ్-4పై వెళ్లినవారిలో కొందరికే ఆ వీలుంది.

పరిశోధన ఎంత గొప్పదైనా చట్టం దాన్ని లెక్కలోకి తీసుకోదు. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు థిండ్ కేసులో తీర్పు చెప్పింది ఆ ఏడాది ఫిబ్రవరిలోనే. 1946లో లూస్-సెల్లర్ చట్టం ఆ దారి తెరిచింది. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్స్ కోసం లెడర్లీ ప్రయోగశాలల్లో జరిగిన కృషికి సారథ్యం వహించిన ఆయన, 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

ఇప్పుడు దారులు ఎన్నో ఉన్నాయి, వాటితోపాటు గడువులూ ఉన్నాయి. విజయపురి సౌత్‌లోని రెసిడెన్షియల్ కళాశాలల్లాంటి చోట్ల పేరు, పుట్టిన ఊరు, ఇంటిపేరు అన్ని పత్రాల్లో ఒకేలా ఉన్నాయో లేదో విద్యార్థులు సరిచూసుకునేలా చేస్తే రేపటి తిప్పలు సగం తగ్గుతాయి. మిగతా సగం వెళ్లేవారి బాధ్యత. నివాస అనుమతి ముగిసేలోగా పొడిగింపుకు దరఖాస్తు చేయాలి, పని ముగించుకుని వచ్చేస్తుంటే అక్కడి చిరునామా నమోదును రద్దు చేయించాలి.