సైరను మీద పట్టా ఎవరికిచ్చారు?

కథలో వాన కురిపించినంత మాత్రాన ఆ వాన మీద రచయితకు పట్టా రాదు. ఇంత చిన్న సంగతి తెలియకనో, తెలిసీ తెలియనట్టుండడం వాటంగా ఉందనో, మనవాళ్లలో కొందరు ఈమధ్య ‘దొంగ’ అనే మాటను చాలా తేలిగ్గా వాడుతున్నారు. ఆ మాట వల్ల ఒక కుర్రవాడి కలం ఆగిపోయింది. అందుకే ఈ వ్యాసం.

మా ఘుగ్గుస్‌లో తెలుగులో కథ రాసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లలో ఒక కుర్రవాడు గనికార్మికుడి ఇల్లాలి మీద కథ రాశాడు. వేళకాని వేళ సైరను మోగుతుంది. జొన్నరొట్టెలు చేస్తున్న ఆవిడ పిండి చేతులతోనే వీధిలోకి పరుగెడుతుంది. మా ప్రాంతపు పెద్దరచయిత ఒకాయన దాన్ని చదివి, ‘సైరను విని పరుగెత్తే ఇల్లాలు నాది, పదేళ్ల కిందటే రాశాను, వకీలు నోటీసు పంపుతాను’ అన్నారు. రెండు కథలూ నేను చదివాను. సైరనూ పరుగూ తప్ప ఒక్క వాక్యం కలవలేదు. పెద్దాయన కథలో భర్త శవమై వస్తాడు. కుర్రవాడి కథలో భర్త అసలు గనిలోకే దిగలేదు, ఆ పూట నాగా పెట్టి ఎక్కడికి పోయాడన్నదే కథ. నేను కుర్రవాడి పక్షం. మొగమాటం లేకుండా చెబుతున్నాను.

గనికథ అంటే ఏమేముంటాయి? షిఫ్టు సైరను, తలమీద దీపం, జీతం రోజున గుమ్మం దగ్గర కాచుకున్న అప్పులవాడు, పైకప్పు కూలడం, గని దగ్గర గుమికూడిన జనం. మన వలస బతుకు కథ అంటే కరీంనగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన తండ్రి, మరాఠీ బడిలో చదివి తెలుగు ఉత్తరం చదవలేని కొడుకు. వీటిని ముందుగా రాసినవారి పేర రిజిస్టరు చేసేస్తే తరువాతివాడు దేన్ని గురించి రాయాలి? చూడని సముద్రం గురించా?

2022 ఆగస్టులో ఇక్కడి ఆమ్రాయి వార్డులో ఒక ఇల్లు ఉన్నపళంగా భూమిలోకి దిగిపోయింది. కింద పాత భూగర్భగని ఉంది. ఆ ఇంటి మీద ఎవరైనా కథ రాయవచ్చు, పదిమంది రాయవచ్చు. జరిగిన సంగతికి హక్కుదారు ఉండడు. దాన్ని చెప్పిన తీరుకే ఉంటాడు.

ఇది నా సొంత తీర్పు కాదు, మన సుప్రీంకోర్టు 1978లో చెప్పిందే. ఆ కేసు మనబోటివాళ్లకు మరీ దగ్గరిది. ఆర్. జి. ఆనంద్ అనే ఆయన ఢిల్లీలో ‘హమ్ హిందుస్తానీ’ అని నాటకం రాశారు. ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం, పిల్లల మధ్య ప్రేమ, పెద్దల ప్రాంతీయ దురభిమానం. 1956లో మోహన్ సెహగల్ ‘న్యూఢిల్లీ’ సినిమా వచ్చింది. అక్కడా పంజాబీలు, మద్రాసీలు, ప్రేమ. ఆనంద్ దావా వేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆయన ఓడిపోయారు. ఆలోచనకూ, ఇతివృత్తానికీ, చరిత్రలోనో పురాణంలోనో ఉన్న సంగతికీ కాపీరైటు లేదనీ, ఆ ఆలోచనకు రచయిత ఇచ్చిన రూపానికే ఉందనీ కోర్టు తేల్చింది. పరీక్ష కూడా చెప్పింది: రెండింటినీ చదివినవాడికో చూసినవాడికో రెండోది మొదటిదానికి నకలేనని నిస్సందేహంగా అనిపించాలి. వేరే భాష మాట్లాడే ఇరుగుపొరుగుల తగవు ఒకరి సొత్తయితే, మహారాష్ట్రలో కూర్చున్న తెలుగు రచయిత ఏనాడో కలం మూసుకోవలసింది!

అమెరికాలోనూ ఇదే. జేమ్స్ ఎం. కెయిన్ అనే నవలాకారుడు ఒక సినిమా కంపెనీ మీద వేసిన దావాలో 1942లో తీర్పు వచ్చింది. తన నవలలో తుపానుకు జడిసి ప్రేమికులు చర్చిలో తలదాచుకుంటారు, సినిమాలోనూ అంతే. తుపానులో చర్చిలో చిక్కుకున్నాక జరగక తప్పని పనులు ఎవరి సొత్తూ కావని జడ్జి కొట్టేశాడు.

అంత దూరం దేనికి, మన ప్రబంధకవుల్నే చూడండి. నగరం, సముద్రం, ఋతువులు, చంద్రోదయం, జలక్రీడ, విరహం అంటూ పద్దెనిమిది వర్ణనలు ఉండాలన్నారు. అందరూ అవే వర్ణించారు. ప్రవరుడి కథ మారన మార్కండేయ పురాణంలో ఉన్నదే, దానితో పెద్దన మనుచరిత్ర కట్టాడు. శశిరేఖా పరిణయం 1936లోనే తెరకెక్కింది, అయినా 1957లో విజయావారి ‘మాయాబజార్’ వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు కవుల మధ్య పోలికలను మూడు రకాలుగా విడదీశాడు. అద్దంలో ప్రతిబింబం లాంటిది, చిత్తరువు లాంటిది, ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల్లాంటిది. మొదటి రెండూ వదిలెయ్యమన్నాడు, మూడోదానికి దోషం లేదన్నాడు. ఒక మనిషి ఇంకొకడిలా ఉన్నాడని ఎవరైనా పోలీసు రిపోర్టు ఇస్తారా?

నేను బ్యాంకువాణ్ణి. సాహిత్యం కన్నా తాకట్టు కాగితాలు ఎక్కువ చదివినవాణ్ణి. అప్పు కోసం వచ్చినవారి దస్తావేజులో ముందు నాలుగు హద్దులు చూస్తాం. తూర్పున ఫలానా వారి పొలం, పడమర బాట, అలా. ఆ హద్దుల్లో ఊరి చెరువునూ శ్మశానాన్నీ కలిపి రాసుకొస్తే, ఎంత పెద్దమనిషైనా కాగితం తిప్పి పంపేస్తాం. పెద్దాయనకు ఆయన వాక్యాల మీద, సంభాషణల మీద, సంఘటనలు పేర్చిన వరస మీద పక్కా హక్కుంది. ఆయన జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ చట్టం దాన్ని కాపాడుతుంది. దానికి రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. కాని సైరను ఆయన హద్దుల్లో లేదు. అది ఊరుమ్మడి.

‘అయితే దొంగలకు తలుపులు తెరిచేస్తున్నారా?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న పత్రికలో, అదీ రాష్ట్రం బయట అచ్చయిన కథను ఎత్తుకుపోతే అడిగే నాథుడుండడని మనకు భయం. ఆ భయం ఉత్తది కాదు. 2015లో వచ్చిన ‘శ్రీమంతుడు’ సినిమా తన నవల నుంచి తీసిందేనని శరత్‌చంద్ర అనే రచయిత కోర్టుకెక్కారు. దర్శకుడు కొరటాల శివ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2024 జనవరిలో అక్కడ ఊరట దొరకలేదు. అది విచారణను ఆపడానికి ఒప్పుకోకపోవడమే, నకలు కొట్టారన్న తీర్పు కాదు. కాని ఒక్క రచయిత పెద్ద సినిమాను కోర్టు గుమ్మం దాకా ఈడ్చగలడని తేలింది. అలా ఈడ్చేవాడి చేతిలో ఏముండాలి? ‘ఊరిని దత్తత తీసుకోవడం నా ఆలోచన’ అన్న ఒక్క ముక్క చాలదు. ఏ పాత్ర, ఏ మలుపు, ఏ మాట, ఏ వరసలో వచ్చాయో పేజీ పక్కన పేజీ పెట్టి చూపాలి. అచ్చయిన సంచిక తేదీతో సహా దాచుకోవాలి.

తెలిసి చేసిన కాపీరైటు ఉల్లంఘన మన చట్టంలో జైలుశిక్ష పడే నేరం. అంత బరువైన మాటను పోలిక కనబడ్డ ప్రతిచోటా విసిరితే, రేపు నిజంగా మన కథ దోపిడీ అయినప్పుడు ఎవరు నమ్ముతారు? నాన్నా పులి అన్న పిల్లవాడి గతే మనదవుతుంది.

ఇంకో నష్టం ఇంకా పెద్దది. కోస్తాలోనో హైదరాబాద్‌లోనో ఒక కుర్రవాడు రాయడం మానేస్తే ఇంకో వందమంది ఉంటారు. ఇక్కడ లేరు. మరాఠీ బడికి పోయి, ఇంట్లో అమ్మ దగ్గర ఓనమాలు దిద్దుకుని, ఇరవై ఏళ్ల వయసులో తెలుగులో కథ రాసిన పిల్లవాడు మనకు అప్పనంగా దొరికిన ఆస్తి. వాడికి మనం పంపవలసింది వకీలు నోటీసా?

సంపాదకులకు నా విన్నపం. రెండు కథలనూ ఒకే సంచికలో, పెద్దాయనది ముందు, కుర్రవాడిది వెనక, ఇద్దరి అనుమతితో అచ్చువేయండి. సుప్రీంకోర్టు ఆనాడు నమ్మింది చదివినవాడినే. మన పాఠకులూ చదివి చెబుతారు. కుర్రవాడిది నకలని తేలితే వాడిచేత క్షమాపణ నేనే రాయించి తెస్తాను. కాదని తేలితే పెద్దాయన నోటీసు మాట మానేసి ఇంకో గనికథ రాయాలి. సైరను రోజూ మోగుతూనే ఉంది.