న్యాయానికి గేటు టిక్కెట్టా?

దావా వెయ్యాలంటే ముందు డబ్బు కట్టాలి. ఈ సంగతి మన వాడల్లో ఎవర్నడిగినా చెప్తారు. ఎందుకు కట్టాలని మాత్రం ఎవరూ అడగరు. 1870లో తెల్లదొరలు కోర్టు ఫీజుల చట్టం చేశారు. దొరలు పోయారు గానీ ఫీజు పోలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం తను చేసుకుంది. తెలంగాణ విడిపోయాక అక్కడా అదే చట్టం నడుస్తోంది.

భూమి మీద హక్కు తేల్చమని దావా వేస్తే ఆ భూమి మార్కెట్ విలువను బట్టి ఫీజు. దీని అర్థమేందో చూడండి. రోడ్డు పడి మాదిగాయన రెండెకరాలకు రేటొచ్చింది. రేటొచ్చింది కాబట్టే పెద్ద రైతు కన్నేసి ఆక్రమించాడు. ఇప్పుడు కూలికి పోయే ఆ మనిషి ఆ రేటు మీదనే ఫీజు కట్టి, నా భూమి నాకిప్పించండయ్యా అని అడగాలి. ఆక్రమించినోడు మాత్రం ఇంట్లో కూర్చుని వకీలును పంపుతాడు.

కోర్టును వాడుకునేవాడే ఖర్చు భరించాలని సర్కారు వాదన. 2013లో ఇంగ్లండు ప్రభుత్వం కూడా ఇదే వాదనతో కూలీలు, ఉద్యోగులు యజమానుల మీద కేసులు వేసే ట్రిబ్యునళ్ళలో ఫీజు పెట్టింది. జీతం ఎగ్గొట్టారన్నలాంటి కేసుకు 390 పౌండ్లు, అన్యాయంగా పనిలోంచి తీశారన్నా, వివక్ష చూపారన్నా 1,200 పౌండ్లు. ఏమైంది? కేసులు మూడో వంతుకు పడిపోయాయి. అన్యాయాలు తగ్గి కాదు, కట్టలేక. యూనిసన్ అనే కార్మిక సంఘం కొట్లాడితే 2017 జులైలో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఫీజులు చట్టవిరుద్ధమని కొట్టేసింది. వసూలు చేసిన సొమ్ము సర్కారు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఆ తీర్పులో ఒక మాట మనం పట్టుకోవాల్సిందుంది: ఒకరు గెలిచిన కేసు ఆ ఒక్కరికే కాదు, కోర్టు గడప తొక్కని వాళ్ళక్కూడా రక్షణ. ఒక ఊళ్ళో కూలి ఎగ్గొట్టినోడికి శిక్ష పడితే పక్క ఊరి ఆసామి జాగ్రత్త పడడా?

ఫ్రాన్సు 1977లోనే కోర్టు పనులకు రుసుం తీసేస్తూ చట్టం చేసింది. 2011లో 35 యూరోల స్టాంపు పెట్టి చూశారు, 2014 నుంచి ఎత్తేశారు. కెనడాలో బిడ్డ కోసం కేసు వేసిన ఒక తల్లిని, విచారణ పది రోజులు నడిచిందని 3,600 డాలర్ల దాకా కట్టమన్నారు. అది దాదాపు ఆ ఇంటి నెల సంపాదన. 2014లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఫీజు చెల్లదంది. అమెరికాలో అయితే 1971లోనే, ఫీజు కట్టలేని పేదలను విడాకుల కోర్టు గుమ్మంలో ఆపకూడదని తీర్పొచ్చింది.

మరి ఇక్కడ? 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ సుప్రీంకోర్టు నుంచే ఈ ఫీజుల భారాన్ని తప్పుపట్టాడు. విన్నారు, ఊరుకున్నారు.

పేదలకు పాపర్ దావా వుంది కదా అంటారు. 1976లో దాని పేరు మాత్రం మార్చారు. దాని నడక చూడండి. నువ్వు నిజంగా పేదవాడివేనా అని విచారణ జరుగుద్ది. ఆ విచారణకు నోటీసు ఎవరికి పోద్ది? సర్కారు ప్లీడరుకూ, నీ భూమి తిన్న ఆసామికీ! వీడి పేదరికం గురించి వాడు సాక్ష్యం పెట్టొచ్చన్నమాట. అంతా అయ్యి దావా ఓడిపోతే ఆ ఫీజు మళ్ళీ మన నెత్తినే.

కంపెనీలు కోట్ల కోసం కొట్లాడుకుంటే ఫీజు కట్టనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. కూలోడి దగ్గర గుమ్మంలోనే ఎందుకు వసూలు చెయ్యాలన్నదే మా ప్రశ్న. ఫీజొక్కటే భారం కాదని కూడా తెలుసు. వాయిదాకు పోతే కూలి పోద్ది, బస్సు చార్జీ, గుమాస్తా చాయ్ ఖర్చు వేరే. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మంది మనవాళ్ళను చంపాక, ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టాలని పోరాడి సాధించుకున్నది అందుకే. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు కొట్టేసింది, అది వేరే కథ. అట్రాసిటీ కేసుకు కోర్టు ఫీజు లేదు. 1995 నిబంధనల ప్రకారం బాధితులకూ సాక్షులకూ దారి ఖర్చులు, బత్తా ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగండి.

ఇంకో సంగతి మన సంఘాల వాళ్ళకే సరిగ్గా తెలీదు. న్యాయ సేవల చట్టం 1987లో వచ్చి 1995 నవంబరు నుంచి అమలవుతోంది. దాని 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. అందులో వకీలే కాదు, కోర్టు ఫీజు కూడా వాళ్ళే భరించాలి. కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా కమిటీ వుంటది. కుల ధృవీకరణ పత్రం తీసుకుని పోండి. ఫోను నంబరు 15100. దరఖాస్తు నోటితో చెప్పి రావద్దు, రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాసిమ్మనండి. ఆ కాగితం నకలు మన పత్రికకు పంపండి, కోర్టు పేరూ తేదీతో సహా అచ్చేస్తాం.