ఉలి ఆళ్లగడ్డలో, రంగుడబ్బా గుళ్లో

మా నంద్యాల జిల్లాలో పాత గుడికి ఇప్పుడున్న గండం దొంగల వల్ల కాదు, వరదల వల్ల కాదు. దాతల వల్ల. దాత వెనక కమిటీ, కమిటీ వెనక కాంట్రాక్టరు, కాంట్రాక్టరు చేతిలో ఎనామిల్ పెయింటు డబ్బా. శివరాత్రి దగ్గర పడుతోందంటే ఊరంతా సంబరపడుతుంది. భయపడాల్సింది రాతి నందే.

కుందూ ఒడ్డున ఒక ఊరి గుడి చూశాను. ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఒక్క ఊరే దోషి అవుతుంది, తక్కిన ఊళ్లన్నీ తప్పించుకుంటాయి. ద్వారపాలకుడికి నిలువెల్లా వెండి రంగు, పెదాలకు ఎరుపు, శిల్పి చెక్కని మీసం ఒకటి కొత్తగా గీశారు. నడుము దగ్గర చెక్కిన ముత్యాల వరుస రంగు పొరల కింద పూడిపోయి వేలికి కూడా తగలడం లేదు. మంటపం స్తంభం మీద తెలుగు శాసనం ఉంది. సరిగ్గా దాని మూడో వరుస మధ్యలో డ్రిల్లు పెట్టి, ట్యూబులైటు పట్టీ బిగించారు. ఆ పక్కనే గ్రానైటు పలక, దాని మీద లైటు ఇచ్చిన దాత పేరు, గోత్రం, బంగారు అక్షరాల్లో. ఎప్పుడో ఎవరో దేవుడికి మాన్యం రాసిచ్చి చెక్కించిన అక్షరాలు పోయాయి, ట్యూబులైటు దాత అక్షరాలు మిగిలాయి. పూజారిని అడిగితే, "పాత రాతలు ఎవరికి అర్థమవుతాయి సార్, గుడి కళగా లేదని జనం అంటా ఉంటే!" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. జీతాలు తీసుకునేవాళ్లు ఎవరూ ఆయనకు చెప్పలేదు, అంతే.

ఇదేమీ నిన్నమొన్న వెలసిన జిల్లా కాదు. కాగితం మీద 2022 ఏప్రిల్ 4న పుట్టిందే కానీ, మహానందిలో బాదామి చాళుక్యుల నాటి రేఖాశిఖరం నిలబడి ఉంది. ఇది అలంపురం గుళ్లకు చుట్టం. శివనంది ఉన్న కడమల కాల్వ, పాణికేశ్వరుడున్న పాణ్యం, ఇవన్నీ చాళుక్య వాస్తు మీద రాసిన పుస్తకాల్లో పేరున్న ఊళ్లు. కళింగ దండయాత్ర నడుమ కృష్ణదేవరాయలు 1515లో అహోబిలం వచ్చి కానుకలు సమర్పించుకున్నాడు, ఆ సంగతి రాతి మీద ఉంది. అసలు మా రాయికే ఒక చరిత్ర ఉంది. విలియం కింగ్ 1872లో ఈ నేలను శోధించి రాసినప్పటి నుంచి భూగర్భ శాస్త్రంలో పాణ్యం, బనగానపల్లె, కోయిలకుంట్ల, నంద్యాల పేర్లన్నీ రాతి పొరల పేర్లే. ఇంత రాయి ఉన్న సీమలో రాయి విలువ తెలిసిన ఆఫీసరు ఒక్కడు దొరకడు!

రంగు ఒక పాపమైతే సిమెంటు ఇంకొకటి. పెద్దలు రాతి కట్టుకు డంగుసున్నం వాడారు, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపారు. సున్నం తేమను పీల్చి మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు వదలదు. తేమ రాతిలోనే చిక్కుపడి ఉప్పు పొక్కుతుంది, చెక్కడం పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఇది ఒక ఏడాదిలో బయటపడే జబ్బు కాదు. బయటపడేసరికి కాంట్రాక్టరు బిల్లు తీసుకొని, ఇంకో గుడికి సిమెంటు దించుతుంటాడు.

చట్టం లేదా అంటే ఉంది. ప్రాచీన కట్టడాల మీద కేంద్రానికి 1958 చట్టం, రాష్ట్రానికి 1960 చట్టం. కానీ గెజిట్లో నోటిఫై చేసిన కట్టడానికే ఆ రక్ష. నోటిఫై కాని గుడి 1987 దేవాదాయ చట్టం కిందికి పోతుంది. అక్కడ హుండీకి లెక్క ఉంది, మాన్యానికి లెక్క ఉంది, తలనీలాలకు వేలం ఉంది. శిల్పానికి లెక్క చెప్పేవాడు మాత్రం లేడు. పురావస్తు శాఖను అడిగితే మా జాబితాలో లేదంటారు, దేవాదాయ శాఖను అడిగితే అభివృద్ధి చేస్తున్నామంటారు. జాబితాలో ఎక్కినవాటి గతి కూడా చూడండి. కేంద్ర రక్షణలోని కట్టడాల్లో 50 కనబడడం లేదని సాక్షాత్తూ కేంద్ర సాంస్కృతిక శాఖే 2022 డిసెంబరులో పార్లమెంటు సంఘానికి చెప్పుకుంది. అందులో 24 ఎక్కడున్నాయో కూడా తెలియదట.

జర్మనీలో బవేరియా రాష్ట్రం పాత కట్టడాల కోసం 1973లో ఒక చట్టం చేసుకుంది. అక్కడ పల్లె పల్లెకూ జాబితా ఉంటుంది. అందులో చర్చి ఒక్కటే కాదు, రైతు ఇల్లు, ధాన్యపు కొట్టం, దారి పక్క శిలువ కూడా ఉంటాయి. అసలు కిటుకు వేరే ఉంది. అక్కడ కట్టడానికి రక్షణ దాని విలువను బట్టి వస్తుంది. గుమాస్తా జాబితాలో రాయడం మరిచిపోయినంత మాత్రాన పడగొట్టే హక్కు ఎవరికీ రాదు. మన దగ్గర గుమాస్తా మరిచిపోతే వెయ్యేళ్ల మంటపం అయినా అనాథే.

అహోబిలం గుడి మీద పెత్తనం అక్కడి మఠానిదా, ప్రభుత్వానిదా అన్న తగువు హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రభుత్వం 2023 జనవరిలో అక్కడా ఓడింది. పోనీ, మఠానిదే గుడి, మంచిదే. కానీ గుడిలోని ఒక శాసనం కోసం, ఒక పగిలిన దూలం కోసం ఈ జిల్లాలో ఎవరైనా ఏ కోర్టు మెట్లయినా ఎక్కారా? కోటల గతీ ఇంతే. తెల్లవాళ్ల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఆయన మీద సినిమా వచ్చింది, ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఆయన కథలో ఉన్న నొస్సం కోట మాత్రం శిథిలమై అట్లే పడి ఉంది. పేరు పెట్టడానికి పైసా ఖర్చు లేదు కదా.

ఇక ఆళ్లగడ్డ. నా కడుపు మంటంతా ఇక్కడే. ఆళ్లగడ్డ శిలాశిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊళ్లోకి అడుగు పెడితే సుత్తి దెబ్బలు, కట్టర్ల రొద, చెట్ల ఆకుల మీద తెల్లటి రాతి దుమ్ము. శిల్పి దిమ్మె మీద సుత్తితో తట్టి చెవి పెడతాడు. గంటలా మోగితే ఒక పనికి, బొంగురుగా పలికితే ఇంకో పనికి. లోపల కంటికి కనబడని పగులు ఉంటే మోతలోనే పట్టేస్తాడు. ఇంత విద్య ఉన్నవాళ్లు ఏం చెక్కుతున్నారు? కొత్త గుళ్లకు కొత్త విగ్రహాలు, చౌరస్తాల్లో చేతులూపే నాయకులు. వాళ్లను తప్పుపట్టను, పని ఇచ్చేవాడు ఏది అడిగితే అది చెక్కాలి. అంత చేరువలో పాత మంటపానికి దూలం విరిగితే మాత్రం ఇనుప గర్డరు, సిమెంటు స్తంభం. వైద్యుడు పక్కింట్లోనే ఉంటే మందుకు పరాయి ఊరు పోయినట్టుంది మన యవ్వారం.

గుడి మ్యూజియం కాదు, పూజ జరిగే చోటు, మార్పు తప్పదు అంటారు. సరే, తప్పదు. దీపం పెట్టండి, నూనె పోయండి, జనానికి నీడ కావాలంటే గుడికి ఎడంగా పందిరి వేయండి. ఆగమాల్లో ఎనామిల్ ఎక్కడుందో చూపిస్తే నేను నోరు మూసుకుంటాను. డబ్బు లేదన్న మాట అసలు అనకండి, టైల్సుకు డబ్బు ఉంది. చేతకాదన్న మాటా చెల్లదు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వచ్చినప్పుడు రూపాల సంగమేశ్వరుడి గుడిని రాయి రాయిగా విప్పి, కర్నూలు జగన్నాథగట్టు మీద తిరిగి నిలబెట్టింది మన సర్కారే.

కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. పాత రాతి కట్టడాల లెక్క ఊరూరా తీయాలి, మంటపం, కోనేరు, వీరగల్లు, ఏదీ వదలకుండా. అందులో ఉన్న దేనికి మరమ్మతు టెండరు పిలిచినా ముందు ఫొటోలు, శాసనాలకు కాగితం అద్ది తీసిన నకళ్లు ఫైల్లో ఉండాలి. పని అయ్యాక ఆళ్లగడ్డ శిల్పి ఒకరు చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేని బిల్లు ఖజానాలో పాస్ కాకూడదు.