కుడితి తొట్టి ఖాళీ అయిన ఇళ్లలో

వంటింటి చెత్త అనే మాట మన ఊళ్లకు కొత్తది. కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు, మిగిలిన గంజి కుడితి తొట్టిలో పడేవి. గేదె ముట్టనిది పెంటకుప్ప మీదికి చేరేది. ట్రాక్టరు వచ్చి ఎద్దులు పోయాయి, మేత ఖర్చు భరించలేక పాడి తగ్గింది. పశువు లేని రైతు ఇంట్లో ఇవాళ ఆ తొక్కలనే కవరులో మూటగట్టి పంచాయతీ రిక్షాలో వేస్తున్నాం. పెరట్లో వంగ, బెండ మొక్కలకు మాత్రం వర్మీ కంపోస్టు బస్తా కొని తెస్తున్నాం.

ఈ బేరం మానుకోవచ్చు. అడుగున చిల్లులు పెట్టిన పాత టబ్బు చాలు. కింద కొబ్బరి పీచు, దాని మీద రెండు మూడు వారాలు మాగిన పేడ వేయాలి. పచ్చి పేడ వేస్తే ఆ వేడికి వానపాములు చస్తాయి. పొలంలో తవ్వితే దొరికేవి దీనికి పనికిరావు. అవి మట్టిలో లోతుకు పోయే రకం. పైపైనే ఉండి కుళ్లినది తినే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే రకాలు కావాలి. ఇప్పటికే ఈ ఎరువు చేస్తున్న రైతు దగ్గర నాలుగు గుప్పెళ్లు తెచ్చుకుంటే తర్వాత అవే పెరుగుతాయి.

తొక్కలు తరిగి కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పు, నూనె కలిసినవి, మాంసం వద్దు. నిమ్మ తొక్కలు ఎక్కువ కాకూడదు. పిడికిట పట్టి పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. ఏప్రిల్, మే నెలల ఎండే అసలు గండం. నీడన పెట్టి తడి గోనె కప్పకపోతే రెండు రోజుల్లో తొట్టి ఖాళీ. కోళ్లున్న ఇంట్లో పైన వల తప్పదు. రెండు నెలలకు టీపొడిలా నల్లగా మారుతుంది. తీసే ముందు నాలుగైదు రోజులు నీళ్లు ఆపితే పాములు అడుక్కి దిగుతాయి. ఈ చాకిరీ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది. సలహాలిచ్చే అధికారులు ఆ సంగతి ఎత్తరు.

ఇంతవరకు బాగానే ఉంది. పేచీ లెక్క దగ్గర వస్తుంది. రోజుకు కిలో చెత్త వచ్చే ఇంట్లో ఏడాదికి తయారయ్యే ఎరువు నూరు, నూటయాభై కిలోలకు మించదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీ కంపోస్టులో నత్రజని కనీసం 1 శాతం ఉండాలి. అంటే టన్నుకు 10 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోలుంటుంది. ఒక్క బస్తాకు బదులు రెండు టన్నులన్నమాట! తొట్టి ఎరువు పెరటికి, నారుమడికి, నాలుగు మిరప సాళ్లకు సరిపోతుంది. నేల గుల్లబారడానికి అది చేసే మేలు యూరియా చేయలేదు, నిజమే. అయితే 2025 వానాకాలంలో సొసైటీల ముందు చెప్పులు వరుసపెట్టి నిలబడ్డ రైతుకు "సేంద్రియానికి మారండి" అని చెప్పడం సలహా కాదు, సరఫరా బాధ్యత నుంచి తప్పుకోవడం.

మారాలంటే డబ్బు కావాలి. రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి మిగిలిన సబ్సిడీలో సగం ఇస్తామని 2023లో పీఎం ప్రణామ్ పథకం తెచ్చారు. అదే ఏడాది సేంద్రియ ఎరువుకు టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించారు. అది గోబర్‌ధన్ ప్లాంట్లలో తయారైన ఎరువుకు. సొంత గుంతలో పేడ మాగబెట్టుకునే రైతుకు ఆ లెక్కలో చోటు లేదు. సేంద్రియ ఎరువు వాడే చిన్న, కౌలు రైతులకు ఎకరా లెక్కన ఆ సాయం నేరుగా ఇవ్వాలన్నది మన డిమాండు.

మరో పని మన చేతుల్లోనే ఉంది. ఊరి చెత్తతో ఎరువు చేయడానికి పంచాయతీలు కట్టిన షెడ్లలో ఎన్నింటికి తాళాలున్నాయో సభ్యులకు తెలుసు. వచ్చే గ్రామసభలో ప్రతి శాఖ మూడు ప్రశ్నలు వేయాలి: మన షెడ్డులో ఈ ఏడాది ఎంత ఎరువు తయారైంది, దాన్ని పరీక్ష చేయించారా, ఎవరికి ఇచ్చారు? జవాబులు రాతపూర్వకంగా తీసుకుని జిల్లా కార్యాలయానికి పంపండి.