తోకకప్ప చెప్పిన సాక్ష్యం

తొలకరి పడగానే కుంటల్లో, వరి మడుల్లో కప్పలు గుడ్లు పెడతాయి. ఆ తోకకప్పలు కాళ్లొచ్చి ఒడ్డెక్కితే, కూలి అడగకుండా మన పైరు మీది పురుగును తినిపెడతాయి. అవి ఎదగకపోతే నష్టం రైతుకే.

మనకు ఉత్తరాన ఉన్న పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉంది. అది బయటికి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రకటించారు. ఇది శుద్ధి అయ్యాక ఉన్న లెక్క! మరో ప్రయోగంలో అక్కడి నీటిని వెయ్యి పాళ్లకు రెండు పాళ్లే కలిపి తోకకప్పలను పెంచారు. 14 రోజులకు వాటి బరువు 40 శాతం తగ్గిందని 2009లో వెల్లడైంది. ఇది ఒక్క యాంటీబయాటిక్ పని అనలేం, ఎన్నో మందులు కలిసిన నీరది. కానీ ‘వాగులో కలిస్తే పలచబడుతుందిలే’ అనే మాట నిలవదని తేలింది. ఎదుగుదల ఆగిన తోకకప్ప, కుంట ఎండేలోగా కప్ప కాలేదు.

ఆ మురుగు నక్కవాగు మీదుగా మంజీరకు పోయింది. ప్రొద్దుటూరు, చేవెళ్ల, మొయినాబాద్ వైపు నీళ్లు గండిపేట, హిమాయత్‌సాగర్‌లకు చేరతాయి. అందుకే 1996లో జీవో 111 ఈ ప్రాంతంలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. పక్క ఊళ్లలో భూముల ధరలు పెరుగుతుంటే మన చేతులు కట్టేశారన్న రైతు బాధ న్యాయమైనదే. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది. అయితే భూమి మీద హక్కు అడిగామంటే నీళ్లను వదులుకుంటామని కాదు.

మందుల కంపెనీలు వదిలే నీటిలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరి ముసాయిదాలో చెప్పింది. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో వాటిని తీసేసింది. ఆ పరిమితులను తిరిగి చేర్చాలని, వాగులు, చెరువుల నీటిని పరీక్షించి ఫలితాలను గ్రామసభల ముందు పెట్టాలని, జీవో ఏదైనా ఈ జలాశయాల ఎగువకు మందుల పరిశ్రమను రానీయరాదని డిమాండ్ చేస్తున్నాం.

మన వంతూ ఉంది. పశువులకు డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ సూదులు వేయించొద్దు. మిగిలిన మందు సీసాలను కుంటలో పారేయొద్దు.

నీళ్లు చెడ్డాక పరిహారం కోసం పటాన్‌చెరు రైతులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. మనకు ఆ గతి రాకముందే గ్రామసభల్లో తీర్మానాలు చేద్దాం.